మీరు రాక మాకు ఆనందం

మా అమ్మ పిల్లిని కూడా మీరు అంటుంది.

అది వచ్చి కిటికీలో కూర్చుంటే "పాలు తాగుతారా?" అని అడుగుతుంది. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో చేరిన కొత్తలో, మేనేజరు దగ్గర్నుంచి మెట్లు తుడిచే ఆవిడ దాకా అందరినీ గారూ మీరూ అనాలని నేర్పారట. ఆ అలవాటు అమ్మతోపాటు ఇంటికొచ్చి ఇక్కడే కాపురం పెట్టింది. రాంగ్ నంబరుకి ఫోన్ చేసినవాడు కూడా మా అమ్మకి మీరే. నన్ను మాత్రం నువ్వంటుంది, అదీ కోపం లేనప్పుడు. "మీరు అన్నం తింటారా, పస్తుంటారా?" అని వంటింట్లోంచి వినపడిందంటే నేనేదో ఘనకార్యం చేశానని అర్థం.

ఆ మర్యాదే నా పెళ్ళికి మా కొంప ముంచబోయింది.

ముప్పై దాటాక కుదిరిన పెళ్ళి. తొందరా లేదు, ఆర్భాటమూ లేదు. అతనిది ఆసుపత్రిలో కరెంటు పని, నాది కళ్ళద్దాల షాపు. ఇద్దరం కూర్చుని లెక్క చూసుకుంటే హాలుకీ భోజనాలకీ పోగా కార్డులకి మిగిలింది చూసి మాకే జాలేసింది. "ఫోన్లలో పంపేద్దాం, ఎవరు దాచుకుంటారు కార్డులు" అన్నాడతను. వాళ్ళవైపు అందరికీ అలాగే పంపేశాడు కూడా. నేను మాత్రం మా పెద్దవాళ్ళకైనా కార్డులు వేయించాల్సిందేనని పట్టుబట్టాను. పెద్దవాళ్ళ పేరు చెప్పానే గానీ, నిజానికి ఆ కార్డులన్నీ ఒక్క మనిషి కోసం. మా అత్త.

అత్త అంటే నాన్నకి అక్క. నాన్న పోయాక మమ్మల్ని తన ఇంటికి తీసుకొచ్చి, వెనక గదిలో ఉన్న బట్టల మూటలన్నీ తన మంచం కిందికి తోసి, ఆ గది మాకిచ్చింది. స్కూలు యూనిఫారాలు కుట్టేది. అమ్మ డ్యూటీకి వెళ్తే నేను ఆ మిషను పక్కనే పెరిగాను. అప్పట్లో స్కూల్లో నాకు మొద్దు అని పేరు. బోర్డు మీద రాసింది ఎక్కించుకోనని, ఇంటికి చీటీల మీద చీటీలు వచ్చేవి. ఒకరోజు రోడ్డు మీద నిలబడి ఉంటే అత్త "వచ్చే బస్సు నంబరెంతే?" అంది. "ఏ బస్సు?" అన్నాను నేను.

అత్త ఇంకో మాట మాట్లాడకుండా నన్ను కళ్ళద్దాల షాపుకి లాక్కెళ్ళింది. "దీనికి చదువు రాకపోవడం కాదండీ, కనపడటం లేదు" అని ఆ షాపాయనతో పోట్లాడుతున్నట్టు చెప్పింది. అద్దాలు పెట్టాక నాకు మొట్టమొదట స్పష్టంగా కనిపించింది అత్త మొహం. పై పెదవికి ఒక తెల్ల దారం ముక్క అంటుకుని ఉంది. మనుషుల మొహాల్లో అన్ని గీతలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఈరోజు నేను తింటున్న అన్నం ఆ కళ్ళజోడు పెట్టినదే. ఎక్కడైనా ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అలాంటి అత్తకీ అమ్మకీ మాటల్లేవు. పెద్ద గొడవేం కాదు. అమ్మ హోటలుకి దగ్గరలో మాకు అద్దెకి ఇల్లు దొరికింది. వెంటనే చేరకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. అత్త ఎవరినో చూడటానికి ఆసుపత్రికి వెళ్ళింది, ఆ రోజుకి రాలేదు. అమ్మ పక్కింటావిడతో కబురు చెప్పి సామాను ఎక్కించేసింది. పక్కింటావిడ ఆ కబురుని చిలవలు పలవలు చేసి అత్త చేతిలో పెట్టింది. "పక్కింటావిడతో చెప్పించేంత పరాయిదాన్నయ్యానా?" అని అత్త. "అంత మాటన్నాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అని అమ్మ. ఇద్దరూ ఎదుటివాళ్ళు మెట్టు దిగుతారని చూస్తూ చూస్తూ ఏళ్ళు గడిపేశారు.

నేను వెళ్తే అత్త తలుపు తీసేది, కడుపు నిండా పెట్టేది, కొలతలు తీసుకుని బట్టలు కుట్టి పంపేది. మా ఇంటికి రమ్మంటే మాత్రం "పిలవాల్సినవాళ్ళు పిలిస్తే వస్తా" అనేది. పెళ్ళి మాట చెప్పినప్పుడు కూడా నా బుగ్గ గిల్లి, నవ్వి, చివరికి అదే మాటంది. "నీ పిలుపు కాదే. పిలవాల్సినవాళ్ళ పిలుపు రానీ, చూద్దాం."

అత్తకి కోపం ముక్కు మీదే ఉంటుంది, అన్నమాట తప్పదు. అత్త లేకుండా ఆ హాల్లో నిలబడటం నా వల్ల కాదని నాకు తెలుసు. అమ్మని బతిమాలితే చివరికి సగం మెట్టు దిగింది.

"నేను వెళ్ళను. కార్డు పంపుతా. కవరు మీద నా చేత్తో రాస్తా. అంతకంటే నన్ను అడగొద్దు."

అదే పదివేలనుకుని అమ్మని వెంటబెట్టుకుని ప్రెస్సుకి పరిగెత్తాను.

ప్రెస్సాయన ముందు పెద్ద ఆల్బం తెరిచాడు. బంగారు అంచులు, రిబ్బన్లు, తెరిస్తే పాడే కార్డు కూడా ఉంది. మా బడ్జెట్ చెప్పాక ఆల్బం మూసి, బల్ల కిందికి వంగి ఒక అట్టపెట్టె లాగాడు. ఎవరో ఆర్డరిచ్చి, రంగు నచ్చక వదిలేసిన కార్డులట. ముదురు వంకాయ రంగు. దాని మీద తెల్ల అక్షరాలే కనపడతాయి. కవర్లు వేరే ఆర్డరులో మిగిలినవి, లేత పసుపు.

"రెండూ కలిస్తే బాగుంటుందాండీ?" అని అమ్మ మెల్లగా అడిగింది.

"కవరు తీసి పారేస్తారు కదమ్మా" అన్నాడాయన. ఆ మాటకి తిరుగులేదు.

మ్యాటరు మేమే టైపు చేసి ఇస్తే ఆ ఖర్చు కూడా తగ్గిస్తానన్నాడు, తప్పులుంటే పూచీ మాత్రం తనది కాదన్నాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని ఫోన్లో కొట్టాను. సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన, అందరూ వేయించేదే. చివర్లో "మీ రాక మాకు ఆనందం" అని పెట్టాను. అమ్మ నా భుజం మీదుగా చదివింది.

"ఈ మీ ఏంటే, మొండిగా? మీరు అని పెట్టు. మర్యాదగా ఉంటుంది."

అవతల నా షాపు తెరిచే వేళ దాటిపోతోంది. అమ్మ మర్యాద సంగతి తెలిసినదాన్ని కాబట్టి, ఒక అక్షరానికి వాదన ఎందుకని చేర్చేశాను. ప్రూఫు చూశాను, సంతకం పెట్టాను, వెళ్ళిపోయాను. రోజంతా జనాన్ని కూర్చోబెట్టి "కింది లైను చదవండి, ఇంకా కింది లైను చదవండి" అనే నేను, నా పెళ్ళికార్డులో చిట్టచివరి లైను చదవలేదు.

కార్డులొచ్చాయి. పాత కవర్లు కాబట్టి వాటి గమ్ము ఎండిపోయి అంటుకోలేదు. నేను ఒక్కొక్కటే జిగురు రాసి అంటిస్తుంటే అమ్మ అందరికంటే ముందు అత్త కవరు తీసుకుంది. హోటలు గదుల తలుపులకి వేలాడదీసే చీటీల మీద రాసినంత నీటుగా అడ్రసు రాసింది. అత్త పేరు పక్కన గారు రాసి, కాసేపు చూసి, సిరా ఆరేదాకా ఊదింది. మర్నాడు పొద్దున్నే అది కొరియర్లో వెళ్ళింది. ఇంకో నాలుగైదు కూడా వెళ్ళాయి.

ఆ వారంలోనే మా షాపుకి గడియారాలు బాగుచేసే తాత వచ్చాడు. దగ్గర చూపు అద్దాలు కొత్తవి చేయించుకున్నాడు. చదివించి చూద్దామంటే మా షాపులో చదివించే అట్ట ఎవరో టీ ఒలకబోసి పాడుచేశారు. చేతికందిన నా పెళ్ళికార్డే ఇచ్చాను. ఎలాగూ ఆయన్నీ పిలవాలి.

తాత కార్డు పట్టుకుని, గడియారం విప్పుతున్నంత ఓపికగా, ఒక్కొక్క మాటా చదువుకుంటూ వచ్చాడు. చివరి లైను దగ్గర ఆగాడు. కార్డు దూరంగా జరిపాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మీరు రాక మాకు ఆనందం" అన్నాడు. "మేం రాకపోతేనే మీకు ఆనందమా అమ్మా?"

"అలా ఎందుకుంటుంది తాతా, సరిగ్గా చూడు."

"కళ్ళజోడు బ్రహ్మాండంగా ఉంది. కార్డే బాలేదు."

తీసుకుని చూశాను. మీ రాక అంటే రావడం. మీరు రాక అంటే రాకపోవడం. అమ్మ మర్యాద కోసం పెట్టించిన ఒక్క రు, రండి అనే మాటని రావద్దు అనే మాట చేసి కూర్చుంది. అదే కార్డు, అమ్మ చేతిరాతతో, ఇన్నేళ్ళ తర్వాత అమ్మ పంపిన మొదటి మాటగా అత్త ఇంటికి వెళ్ళింది.

అత్తకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మిషను మీద ఉంటే ఆవిడకి ఫోను వినపడదు. వినపడినా, ఈ కార్డు చూశాక ఎత్తుతుందన్న నమ్మకం నాకు లేదు. షాపులో చెప్పి ఇంటికి వచ్చేశాను.

అమ్మ కార్డు చదివి "మర్యాదగానే ఉందిగా" అంది. మళ్ళీ చదివింది. ఉన్నచోటే కూర్చుండిపోయింది.

"మీరు చూసుకోవద్దా?" అంది నన్ను. కార్డు తిప్పి చూసి, "నేనే కదూ పెట్టమన్నాను" అంది.

కొత్తగా వేయించడానికి డబ్బుల్లేవు. ఉన్నవాటి మీద ఆ రు చెరిపేద్దామంటే, ఆ వంకాయ రంగు మీద ఏం పూసినా తెల్లటి మచ్చ పడుతుంది. అయినా నా బాధ మిగిలిన కార్డుల గురించి కాదు. "నేను వెళ్ళి అత్తకి చెప్పొస్తా" అని చెప్పులేసుకున్నాను.

అమ్మ ఇస్త్రీ చేసి మడతపెట్టుకున్న చీర తీసింది.

"నువ్వు వెళ్తే ఏం లాభం?" అంది. "పిలవాల్సింది నేను కదా. పద."

రెండు బస్సులు మారాలి. దారిలో మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఫోన్ చేశాడు. "ఏమ్మా, రావద్దని చెప్పడానికి కార్డెందుకు దండగ, ఒక్క ఫోన్ కొడితే మానేసేవాణ్ణిగా" అని తెగ నవ్వాడు. మావయ్య నవ్వాడు సరే. అత్త నవ్వే మనిషి కాదే అని నాకు ఏడుపొచ్చింది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవులు కదుపుతోంది. అక్కడ ఏం మాట్లాడాలో వల్లెవేసుకుంటోందని అర్థమైంది. మీరు, తప్పకుండా, క్షమించాలి, ఈ మాటలే గాలికి వచ్చి పోతున్నాయి.

అత్త ఇంటి తలుపు తీసే ఉంది. లోపల మిషను చప్పుడు. మేం గుమ్మంలో నిలబడగానే చప్పుడు ఆగింది.

"రెండు బస్సులు మారి వచ్చారా?" అంది అత్త నన్ను చూస్తూ. అమ్మవైపు చూడలేదు.

"అత్తా, ఆ కార్డు..."

"వచ్చింది." లేచి, గోడ మీద కత్తెర తగిలించే మేకు దగ్గరికెళ్ళి, దానికి గుచ్చి ఉన్న కార్డు తీసింది. "ఏమే, పొదుపు చేస్తే మాత్రం ఇంత పొదుపా? వాక్యం పూర్తిగా వేయించడానికి కూడా చేతులు రాలేదా?"

నాకేం అర్థం కాలేదు.

"మీరు రాక మాకు ఆనందం. తర్వాతేది? అక్కడ తెంపేస్తే చదివేవాళ్ళు ఏమనుకుంటారు? నేను కాబట్టి సరిపోయింది."

కార్డు నా చేతిలో పెట్టింది. ఆ చివరి లైను పక్కన, బట్ట మీద కొలతలు గీసుకునే తెల్ల పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో ఒక మాట రాసి ఉంది. ఎక్కడిది.

మీరు రాక మాకు ఆనందం ఎక్కడిది.

నేను అక్కడే ఏడ్చేశాను. ఈ మనిషికి కోపమెక్కువని ఊరందరికీ చెప్పుకుని తిరిగాను. కొట్టినట్టున్న మాట ఇంటికొస్తే, ఆవిడ మాత్రం అందులో చోటు చేసుకుని, తక్కువైన మాట తనే వేసుకుంది. అమ్మ రాసిన కవరు కూడా పారేయలేదు. ఆ పసుపు కవరు అదే మేకుకి గుచ్చి ఉంది.

"అది నేనే చేశాను, వదినగారూ" అంది అమ్మ గుమ్మంలోంచే. "మీ అంటే మర్యాద తగ్గిందేమోనని రు పెట్టించాను."

"నీ మర్యాద తగలెయ్య" అంది అత్త. అమ్మవైపు తిరిగింది. "ఇంకోటుంది. సకుటుంబ సపరివార సమేతంగా రమ్మన్నారు. నా కుటుంబం మీ ఇంట్లోనే ఉందాయె. నేను ఎవర్ని వెంటబెట్టుకు రానే?"

చేతికందిన గుడ్డతో కళ్ళు తుడుచుకుంది. మా అత్త కళ్ళు తుడుచుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

అమ్మ నోరు తెరిచింది. "మీరు తప్పకుండా..." అని ఆగిపోయింది. బస్సులో వల్లెవేసుకున్నవన్నీ ఎటు పోయాయో, ఒక్కటీ పైకి రాలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, కష్టంలోనూ సుఖంలోనూ, అమ్మ అత్తని మీరు తప్ప ఇంకో మాట అని ఎరగదు. కొంగు చేతికి చుట్టుకుంది, విప్పింది.

"రా, వదినా" అంది. "నువ్వు రా. నువ్వు లేకుండా దాని పక్కన ఒక్కదాన్నే ఎలా నిలబడను?"

అత్త కుర్చీ మీదున్న గుడ్డలన్నీ తీసి కింద పడేసింది.

"ఇన్నేళ్ళకి మనిషిలా పిలిచావు" అంది. "కూర్చో. కాళ్ళు లాగుతుంటాయి."

పంపకుండా మిగిలిన కార్డులు నా సంచిలోనే ఉన్నాయి. అత్త బట్టలు కత్తిరించే బల్ల మీద వాటిని పరిచి, తలో తెల్ల పెన్సిలు తీసుకుని, ముగ్గురం కూర్చున్నాం. ప్రతి కార్డు మీదా ఎక్కడిది అని రాయడమే పని. అమ్మది నీటైన రాత, నాది కోడిగీతలు. మధ్యలో అత్త ఆ పక్కింటావిడ సంగతి ఎత్తింది. ఆవిడ ఏమని చెప్పిందో అమ్మ విని, తను నిజంగా ఏమని చెప్పిందో చెప్పింది. ఇద్దరూ కలిసి ఆవిడని కడుపారా తిట్టుకున్నారు. అంత ఆనందంగా ఎవరైనా ఎవరినైనా తిట్టుకోవడం నేను చూడలేదు. అప్పటికే వెళ్ళిపోయిన కార్డులవాళ్ళకి అక్కణ్ణుంచే ఫోన్ చేసి "పక్కన ఎక్కడిది అని రాసుకోండి" అని చెప్పాను. మావయ్య తను కూడా రాసుకున్నానని ఫోటో తీసి పంపాడు.

పెళ్ళి బాగా జరిగింది. చేత్తో రాసిన ఆ మాట సంగతి ఆ నోటా ఈ నోటా పాకినందుకో ఏమో, ఫోన్లో చూసి ఊరుకుందామనుకున్నవాళ్ళు కూడా వచ్చారు. కుర్చీలు చాలక పక్క ట్యూషన్ సెంటరు బెంచీలు అడిగి తెచ్చారు. అత్త అందరికంటే ముందొచ్చి, హాలు తాళం తీసేవాడి కోసం మెట్ల మీద కూర్చుంది. అమ్మ మా ఆయన్ని ఈ రోజుకీ మీరే అంటుంది. వచ్చిన ప్రతివాళ్ళకీ నేను రుణపడి ఉన్నాను.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది పెళ్ళి కాదు. దానికి ముందు, అత్త మా షాపుకి వచ్చిన రోజు. ఆ తెల్ల పెన్సిలు అక్షరాలు లైను దిగిపోయి ఉండటం కార్డులు రాసిన రోజే గమనించాను. అత్త కళ్ళజోడు కాడకి నల్లదారం చుట్టి ఉంది. అద్దాల నిండా గీతలు. రమ్మంటే మారుమాట లేకుండా వచ్చింది.

నా కుర్చీలో కూర్చోబెట్టి, చూపు పరీక్ష చేసి, సరిపడే అద్దాలు ఫ్రేములో వేసి, అత్త చెవుల మీద పెట్టాను. ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి వంగి, చదివించడానికి మళ్ళీ నా పెళ్ళికార్డే చేతికిచ్చాను.

"చివరి లైను చదువు అత్తా."

అత్త కార్డు ఒళ్ళో పెట్టుకుంది. తలెత్తి చూసింది.

"ఆగవే, చదువుతా" అంది. "ముందు నిన్ను చూడనీ."

వంగినదాన్ని అలాగే ఉండిపోయాను.